వార్డు సిబ్బందిలో నిబ్బరం నిలవాలంటే: ఇన్‌చార్జి సిస్టర్లు చేయదగిన ఏర్పాట్లు

బెంగళూరులోని కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికీ, జయదేవ గుండె ఆసుపత్రికీ, మానసిక, నరాల జబ్బులకు చికిత్స చేసే నిమ్హాన్స్‌కూ రాయలసీమ జిల్లాల నుంచి రోగులు నిత్యం వస్తూనే ఉంటారు. ఆ జిల్లాల నుంచే వచ్చి ఈ నగరంలో స్టాఫ్ నర్సులుగా, టెక్నీషియన్లుగా, ఆయాలుగా పనిచేస్తున్నవారూ ఎందరో ఉన్నారు. అటువంటి సిబ్బందిని నడిపించే ఇన్‌చార్జి సిస్టర్ల కోసం, అదే పని చేసిన అనుభవంతో ఈ సూచనలు రాస్తున్నాను. వార్డులో ఒకరి తరువాత ఒకరు నీరసించిపోతున్నప్పుడు యోగా తరగతి పెట్టించడమో, ధైర్యం చెప్పే ఉపన్యాసం ఏర్పాటు చేయడమో మనకు మొదట తోస్తుంది. వాటిని నేను తప్పుపట్టను. అయితే పన్నెండు గంటలు నిలబడి పనిచేసి, మంచినీళ్లు తాగడానికి కూడా తీరిక దొరకని మనిషిని డ్యూటీ ముగిశాక ఉపన్యాసానికి కూర్చోబెడితే, ఆమె దాన్ని ఇంకో గంట డ్యూటీగానే లెక్క వేసుకుంటుంది.

2022 జనవరి నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, ఇలా పనితో నీరసించిపోవడాన్ని, అంటే బర్నౌట్‌ను, జబ్బుల కింద చేర్చలేదు. పనిచేసే చోట చాలాకాలంగా తీరని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా నిర్వచించి, దానికి మూడు లక్షణాలు చెప్పింది. సత్తువ ఉడిగిపోవడం ఒకటి, పని మీద మనసు విరిగిపోవడం రెండోది, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నాననిపించడం మూడోది. మనం పొరబడేది రెండోదాని దగ్గర. నిన్నటిదాకా రోగిని “పెద్దమ్మా” అని పిలిచిన అమ్మాయి ఈరోజు “పదకొండో బెడ్డు” అంటుంటే ఆమెకు పొగరెక్కిందనుకుని మెమో ఇస్తాము. మెమో రాసే ముందు గత రెండు నెలల రోస్టరు తీసి చూడండి.

వరుసగా ఎన్ని నైట్ డ్యూటీలు పడ్డాయో, నైట్ దిగిన మరునాడే పగలు డ్యూటీ వేశారేమో, వారపు సెలవు ఎన్నిసార్లు రద్దయిందో ఆ కాగితమే చెబుతుంది. సంక్రాంతికి ఎవరెవరు ఊరు వెళ్లారో ఏటా ఒక పుస్తకంలో రాసి ఉంచితే, మూడేళ్లయినా వంతు రానివారెవరో తెలిసిపోతుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య శరీరం సహజంగానే మందగిస్తుంది కాబట్టి, బెడ్లు మరొకరికి అప్పగించి వంతులవారీగా ఇరవై నిమిషాలు కునుకు తీసే వీలు కల్పించండి. లేచిన వెంటనే ఇంజెక్షన్ లోడ్ చేయించవద్దు. ముఖం కడుక్కుని టీ తాగేంత వ్యవధి ఉండాలి.

తెలుగు సిబ్బందికి ఇక్కడ మరొక భారం ఉంది, అది ఏ రిజిస్టరుకూ ఎక్కదు. వైద్యుడికి తెలుగు రాదు, రోగి అటెండర్లకు కన్నడం గానీ ఇంగ్లీషు గానీ రాదు. పక్క వార్డులో మందులు ఇస్తున్న తెలుగు నర్సును “ఒక్క నిమిషం రా” అని పిలుస్తారు. కదిరి నుంచి వచ్చిన ఒక తల్లికి, కొడుకు మీద ఇక ఆశ పెట్టుకోవద్దని ఆమె చెప్పాలి. ఇంగ్లీషులో వైద్యుడు పలికినవి రెండు వాక్యాలే. ఆ మాట తెలుగులో నర్సు నోటి నుంచి వస్తుంది గనుక ఆ తల్లి నర్సు చేయే పట్టుకుంటుంది. “నువ్వు మన పక్క పిల్లవే గదమ్మా, నువ్వన్నా నిజం చెప్పు” అంటుంది. వైద్యుడు తరువాతి బెడ్డుకు వెళ్లిపోతాడు, నర్సు తన వార్డుకు వచ్చి ఆపిన చోటి నుంచి మళ్లీ ట్రాలీ నెడుతుంది. నా వార్డులో ఒక అమ్మాయి అలా తిరిగివచ్చి, యాంటీబయాటిక్ వయల్ చేతిలో పట్టుకుని, మందు కలపకుండా అలాగే నిలబడిపోయింది. ఏమైందని అడిగితే “ఏమీ లేదు సిస్టర్, డోసు గుర్తు రావడం లేదు” అన్నది. ఆ డ్యూటీలో అది ఆమెకు మూడో పిలుపని నాకు సాయంత్రానికి గానీ తెలియలేదు. తెలుసుకునే ఏర్పాటు నేను చేసి ఉండలేదు.

అందుచేత ఇటువంటి పిలుపులు నేరుగా నర్సుకు కాక ఇన్‌చార్జి ద్వారానే రావాలని నియమం పెట్టండి. తేదీ, వార్డు, పట్టిన సమయం, చెప్పినది మామూలు విషయమా చెడు వార్తా అన్నంతవరకు ఒక పుస్తకంలో రాయండి; రోగి పేరు అక్కరలేదు. చెడు వార్త చెప్పే పని ఒకే డ్యూటీలో ఒకే మనిషి మీద రెండుసార్లు పడనివ్వకండి. కుటుంబం ఎదుటికి వెళ్లేముందు వైద్యుడు నర్సుతో విడిగా రెండు నిమిషాలు మాట్లాడి తీరాలి, ఎందుకంటే ఆ వార్తను ఆమె కూడా అక్కడే మొదటిసారి వింటే తన తొట్రుపాటును దాచుకుంటూ మరొకరిని ఓదార్చవలసి వస్తుంది. తిరిగి వచ్చాక పది నిమిషాలు ట్రాలీ మరొకరు చూసుకోవాలి. మూడు నాలుగు నెలల తరువాత ఆ పుస్తకాన్నే పరిపాలన విభాగం ముందు పెట్టి, తెలుగు తెలిసిన కౌన్సెలర్‌ను నియమించమని అడగవచ్చు. నోటిమాటగా అడిగినదానికంటే లెక్కతో అడిగినదానికి బలం ఎక్కువ.

వార్డులో మరణం సంభవించినప్పుడు, ముఖ్యంగా చిన్నపిల్లలో బాలింతలో పోయినప్పుడు, సిబ్బందిని కూర్చోబెట్టి జరిగినదంతా ఒక్కొక్కరి చేత చెప్పించడం మంచిదనుకునేవారున్నారు. బలవంతంగా అలా చెప్పించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు. మానసిక ప్రథమ చికిత్స మీద ఆ సంస్థ 2011లో తెచ్చిన మార్గదర్శిని మూడు పనులు చెబుతుంది: చూడడం, వినడం, తగిన సహాయంతో కలపడం. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చూడండి, మాట్లాడదలచినవారి మాట వినండి, మౌనంగా ఉండదలచినవారిని ఉండనివ్వండి. ఇంటికి ఒంటరిగా వెళ్లేవారికి తోడు పంపండి.

పొరపాటు జరిగినప్పుడు పరిస్థితి ఇంకా సున్నితం. తప్పిదం వల్ల నలిగిపోయే వైద్య సిబ్బందిని ఆల్బర్ట్ వూ అనే అమెరికన్ వైద్యుడు 2000లో “రెండో బాధితులు” అన్నాడు. మొదట రోగిని కాపాడండి, వైద్యుడికి తెలపండి, ఇన్సిడెంట్ రిపోర్టు రాయించండి. ఆ రిపోర్టు రాస్తున్నంతసేపూ ఆమె పక్కనే కూర్చోండి. అందరి ముందు నిలదీయడం మొదలైతే తరువాతి పొరపాటు మీ దాకా రాదు, కేస్ షీట్‌లోనే కప్పబడిపోతుంది.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, డ్యూటీకి బయలుదేరుతుంటేనే గుండె దడ రావడం, సెలవు తీసుకున్నా తేరుకోకపోవడం వంటివి ఉంటే అది వార్డు ఏర్పాట్లతో తీరేది కాదు, వైద్యుడికి చూపించాలి. చావాలనిపిస్తోందన్న మాట వినబడితే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదే గంటలో చూపించాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈ నంబరును నోటీసు బోర్డు మీద కాక, బట్టలు మార్చుకునే గది తలుపుకు లోపలివైపు అంటించండి. అక్కడైతే ఎవరి కంటా పడకుండా రాసుకోగలుగుతారు.