ప్లాను కాగితం మీద ఉండగానే భవనాన్ని తూచడం

పర్యావరణహిత భవనం అనగానే విశాఖపట్నంలో చాలామంది ముందుగా సోలార్ పలకల గురించి అడుగుతారు. వాటిని ఇల్లు పూర్తయ్యాకైనా బిగించుకోవచ్చు గాని, పడమటి ఎండకు ఎదురుగా పెట్టిన పడకగదిని పునాది పడ్డాక తిప్పలేము. అందువల్ల అంచనాను మొదటి ప్లాను చేతికొచ్చిన రోజే, దిక్కులతో మొదలుపెట్టాలి. ఈ నగరం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున జూన్ మధ్యాహ్నాల్లో సూర్యుడు దాదాపు నడినెత్తిన, కొద్దిగా ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. ఉత్తర, దక్షిణ కిటికీలను మామూలు సన్‌షేడ్‌లతో కాపాడుకోవచ్చు; సాయంత్రం ఏటవాలుగా దూసుకొచ్చే పడమటి ఎండను మాత్రం అవి ఆపలేవు.

తర్వాత చూడవలసినవి కిటికీలు. మన అసలు బాధ ఉక్కపోత కనుక ఇక్కడ తొందరపడకూడదు. నివాస భవనాల్లో ఇంధన పొదుపుకు కేంద్రం రూపొందించిన నియమావళి ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం వేడీ తేమా కలిసిన ప్రాంతాల్లో తెరుచుకునే భాగం కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం, అంటే ఆరోవంతు ఉండాలి. 90 చదరపు మీటర్ల ఫ్లాటుకు అది 15 చదరపు మీటర్లు. ప్లానులో 1.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు ఉన్న కిటికీని చూసి 1.8 చదరపు మీటర్లు అని రాసుకోవద్దు. అది రెండు రెక్కల స్లైడింగ్ అయితే గాలి వచ్చేది 0.9 నుంచే. బాల్కనీలోకి తెరుచుకునే తలుపులను లెక్కలో కలుపుకోవచ్చు. నన్నడిగితే, పడకగదులకు పూర్తిగా తెరుచుకునే పాతకాలపు రెక్కల కిటికీలే మేలు.

అదే సంహిత పైకప్పు యు-విలువ, అంటే దానిగుండా వేడి ఎంత ప్రవహిస్తుందో చెప్పే కొలత, చదరపు మీటరుకు, లోపలా బయటా ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లు దాటకూడదంటుంది. ఉత్త కాంక్రీటు శ్లాబు ఆ పరీక్షలో తప్పుతుంది కనుక, దానిమీద వేసే ఉష్ణనిరోధక పొర ఏమిటో, ఎంత మందమో డ్రాయింగులోనే రాయించాలి. గోడలకు ఫ్లైయాష్ ఇటుకలైతే బట్టీలో కాల్చే పని ఉండదు. వేడిని ఆపడంలో మాత్రం లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మలైన ఏఏసీ బ్లాకులదే పైచేయి.

ఇక ఉప్పుగాలి. ఇరవై ఏళ్లకే కడ్డీలు తుప్పుపట్టి పెచ్చులూడే భవనానికి సిమెంటు, ఉక్కు రెండోసారి ఖర్చవుతాయి. సముద్రతీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటుకు భారతీయ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 బలపు గ్రేడును, 45 మిల్లీమీటర్ల కవర్‌ను, అంటే కడ్డీల మీద ఉండే కాంక్రీటు మందాన్ని సూచిస్తుంది. స్ట్రక్చరల్ డ్రాయింగు మూలన చిన్న అక్షరాల్లో ఉండే నోట్సులో, వేరే ఊరి పని నుంచి దించిన 20 మిల్లీమీటర్ల కవర్ అంకె బయటి భాగాలకు కూడా అలాగే ఉండిపోయిందేమో చూసి, ఉంటే సంతకం పెట్టేముందే దిద్దించండి.