టీమ్ లీడ్ అయ్యారా? బిజినెస్ పుస్తకాన్ని ఇలా పనిలోకి దించండి

బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల్లో పనిచేసే మన తెలుగువాళ్లలో చాలామందికి నాయకత్వం ఒక మెయిల్‌తో వచ్చేస్తుంది. నిన్నటిదాకా తన కోడ్ తాను రాసుకున్న మనిషి ఇవాళ ఆరుగురి పనికి జవాబు చెప్పాలి. వాళ్లతో ఎలా మాట్లాడాలో, ఎవరికి ఎంత అప్పగించాలో కూర్చోబెట్టి నేర్పేవాళ్లు తక్కువ. అందుకే పుస్తకాల వైపు చూస్తారు. చూడాల్సిందే. అయితే నాయకత్వం మీద షెల్ఫ్ నిండా పుస్తకాలు చదివినా టీమ్‌లో ఒక్కరికీ తేడా కనిపించని సందర్భాలే ఎక్కువ. మీరు చదివిన సంగతి మీరు చెప్పకుండానే మీ టీమ్‌కు తెలియాలి. కింది పద్ధతి అందుకోసమే. టిఫిన్ సెంటర్, పీజీ హాస్టల్, చిన్న వర్క్‌షాప్ నడిపేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

1. ముందు ఇబ్బందిని రాసుకోండి

"మంచి లీడర్ కావాలి" అని రాసుకుంటే ప్రతి పుస్తకమూ మనకోసమే రాసినట్టు ఉంటుంది. అలా కాకుండా, గత వారం నిజంగా ఎదురైనదాన్ని రాయండి. "ప్రతి చిన్న నిర్ణయానికీ అందరూ నా దగ్గరికే వస్తున్నారు." "కొత్తగా చేరిన ఇద్దరూ మీటింగ్‌లో నోరు విప్పడం లేదు." "సాయంత్రం ఏడయినా నా సొంత పని మొదలవడం లేదు." ఒక్క వాక్యం, ఒక్క ఇబ్బంది చాలు.

2. దానికి తగిన పుస్తకం వెతకండి

పై మూడింటిలో చివరిదానికి మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రకర్ 1967లో తెచ్చిన ‘ది ఎఫెక్టివ్ ఎగ్జిక్యూటివ్’ సరిపోతుంది. పనుల జాబితాతో కాదు, మీ సమయం ఎటు పోతోందో చూడటంతో మొదలుపెట్టమంటాడాయన. అదీ గుర్తున్నంత మేరకు కాదు, పని జరుగుతున్నప్పుడే రాసుకోవాలి. ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి మూడు నాలుగు వారాల పాటు ఈ లెక్క రాయమంటాడు. మొదటి రెండు ఇబ్బందులకు, చిప్‌లు తయారుచేసే ఇంటెల్ కంపెనీని నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో రాసిన ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’ చూడండి.

కొనేముందు ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఎంజీ రోడ్ మెట్రో స్టేషన్‌లో దిగితే చర్చ్ స్ట్రీట్ పక్కనే. అక్కడ బ్లాసమ్, బుక్‌వర్మ్ లాంటి షాపుల్లో పాత పుస్తకాలూ దొరుకుతాయి. విషయసూచికలో మీ ఇబ్బందికి దగ్గరగా ఉన్న అధ్యాయం తీసి, నిలబడే పది పేజీలు చదవండి. రచయిత ఆ పని స్వయంగా చేశాడా, చేసినవాళ్లను గమనించి రాశాడా అన్నది తెలిసిపోతుంది. రెండు రకాలూ అవసరమే కానీ, కొత్తగా బాధ్యత తీసుకున్నవాళ్లు మొదటి రకంతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

3. అధ్యాయం మొత్తం చదవండి, సారాంశంతో సరిపెట్టుకోకండి

పది నిమిషాల వీడియో సారాంశాలు సలహాను చెప్తాయి. ఆ సలహా ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు చెయ్యదో చాలావరకు వదిలేస్తాయి. పుస్తకంలో విలువైన భాగం అదే. పుస్తకమంతా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన అధ్యాయాన్ని మాత్రం పూర్తిగా చదవండి. చదివాక పుస్తకం మూసి, అర్థమైనదాన్ని తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. సొంత మాటల్లో రాయలేకపోతే ఆ అధ్యాయం ఇంకా మీకు అందలేదన్నమాట. మళ్లీ చదవండి.

4. ఒక్క అలవాటు తీసుకోండి, దాని షరతుతో సహా

గ్రోవ్ ఒక మాట గట్టిగా చెప్తాడు. ఒక మనిషిని ఎంత దగ్గరగా చూసుకోవాలన్నది, ఆ పనిలో ఆ మనిషికున్న అనుభవాన్ని బట్టి మారాలి. ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకైనా పూర్తిగా కొత్త పని ఇస్తే మొదట్లో ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో వివరంగా చెప్పాలి. పని చేతికొచ్చాక తప్పుకోవాలి. "మనవాళ్లకు స్వేచ్ఛ ఇవ్వాలి" అన్న ముక్క మాత్రమే పట్టుకెళ్తే కొత్త కుర్రాడు నీళ్లు నములుతాడు. "దగ్గరుండి చూడాలి" అన్న ముక్క మాత్రమే పట్టుకెళ్తే పాత మనిషి వేరే ఉద్యోగం వెతుక్కుంటాడు.

అదే పుస్తకం మొదట్లో ఉడికించిన గుడ్డు, టోస్ట్, కాఫీ కలిపి వడ్డించే ఉదాహరణ ఉంటుంది. మూడింటిలో ఎక్కువసేపు పట్టేది గుడ్డు, కాబట్టి మిగతా పనుల వేళలను దాన్ని బట్టి అమర్చుకోవాలి. బీటీఎం లేఔట్‌లో టిఫిన్ సెంటర్ నడిపే తెలుగాయన ఎవరైనా ఈ పేజీలు చదివితే వెంటనే తన పెనం వైపు చూస్తాడు. పొద్దున ఎనిమిదిన్నరకు జనం నిలబడేది ఇడ్లీ కోసం కాదు, దోశ కోసం. వడ్డించడానికి ఇంకో మనిషిని పెట్టుకుంటే ఆ క్యూ తగ్గదు.

5. నాలుగు వారాలు చేసి చూడండి

అసలు కష్టం ఇక్కడుంది. టీమ్‌లో ప్రతి ఒక్కరితో విడిగా కూర్చోవడమనే అలవాటును తీసుకున్నారనుకోండి. ఆ సమావేశం మేనేజర్‌ది కాదు, కింద పనిచేసేవాళ్లది అంటాడు గ్రోవ్. ఏం మాట్లాడాలో వాళ్లే నిర్ణయించాలి, కనీసం గంటసేపు ఉండాలి, ఇద్దరూ నోట్స్ రాసుకోవాలి.

బాగుంది. కానీ ఒంగోలు నుంచో అనంతపురం నుంచో వచ్చి మొదటి ఉద్యోగంలో చేరిన అమ్మాయిని "ఏం మాట్లాడుకుందాం?" అని అడిగితే, "ఏం లేదు సార్, అంతా బానే ఉంది" అంటుంది. పెద్దవాళ్ల ముందు ఇబ్బంది చెప్పకూడదని పెరిగిన పిల్లలు వీళ్లు. కాబట్టి ముందురోజే రెండు ప్రశ్నలు పంపండి: "ఈ వారం ఎక్కడ ఆగిపోయావమ్మా? నావల్ల ఆలస్యమైన పని ఏదైనా ఉందా?" రెండో ప్రశ్నకు మొదటి వారం జవాబు రాదు. రెండో వారమూ రాకపోవచ్చు. అడగడం ఆపకండి. జవాబు వచ్చిన రోజు సంజాయిషీ మొదలుపెట్టకండి. రాసుకుని, ఆ పని పూర్తిచేసి, తర్వాతి వారం ఏం చేశారో చెప్పండి. అప్పుడు నమ్ముతారు.

బెంగళూరులో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. టీమ్‌లో కన్నడ, తమిళ, హిందీ మాట్లాడేవాళ్లూ ఉంటారు. తెలుగువాళ్లతో విడిగా కూర్చున్నప్పుడు తెలుగులో మాట్లాడుకుంటే మనసు విప్పడం తేలిక, అందులో తప్పులేదు. కానీ అందరూ ఉన్నచోట తెలుగులో నిర్ణయాలు జరిగిపోతే, మిగతావాళ్ల నమ్మకాన్ని ఏ పుస్తకమూ తిరిగి తేలేదు.

నాలుగో వారం చివర ఒకరిద్దరిని అడగండి: "ఈ నెలలో నేను చేసేదాంట్లో ఏమైనా మారినట్టు అనిపించిందా?" లేదని వాళ్లంటే, అలవాటును మార్చాలో ఇంకొన్నాళ్లు కొనసాగించాలో మొదట రాసుకున్న వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని చూడండి.

6. గెలుపు కథలను నిలదీయండి

మేనేజ్‌మెంట్ రచయిత జిమ్ కాలిన్స్ 2001లో తెచ్చిన ‘గుడ్ టు గ్రేట్’ కోసం పదకొండు అమెరికన్ కంపెనీలను ఎంచుకున్నాడు. మామూలు స్థాయి నుంచి గొప్ప స్థాయికి మార్పు మొదలయ్యాక పదిహేనేళ్లలో మొత్తం మార్కెట్ కంటే కనీసం మూడు రెట్లు రాబడి ఇచ్చిన షేర్లవి. వాటిలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే సర్క్యూట్ సిటీ 2008 నవంబరులో దివాలా పిటిషన్ వేసి, మరుసటి ఏడాది షాపులన్నీ మూసేసింది. ఇళ్ల రుణాల వ్యాపారంలో ఉన్న ఫానీ మే అదే 2008 సెప్టెంబరులో ప్రభుత్వ అజమాయిషీలోకి వెళ్లింది. అందుకని ఆ పుస్తకం చదవొద్దని కాదు. అందులో పనికొచ్చే ఆలోచనలున్నాయి. చదివేటప్పుడు ఇవి అడగండి: ఇదే పని చేసి ఓడిపోయిన కంపెనీలు ఎన్ని ఉండొచ్చు? గెలిచింది ఈ అలవాటు వల్లా, మార్కెట్ కలిసొచ్చినందువల్లా? నా ఆరుగురి టీమ్‌కు వేలమంది పనిచేసే కంపెనీ సూత్రం సరిపోతుందా?

7. ఇద్దరు తోడు వెతుక్కోండి

అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే కానక్కర్లేదు. ఆసుపత్రిలో నర్సింగ్ ఇన్‌చార్జ్‌గా చేసే అక్క, పీజీ నడిపే అన్న ఉంటే ఇంకా మంచిది. వాళ్లకు మీ ఆఫీసు మాటలు తెలియవు కాబట్టి మీరు విడమర్చి చెప్పాల్సి వస్తుంది. రెండు వారాలకోసారి, ఆదివారం ఉదయం కబ్బన్ పార్కులో గంటసేపు కూర్చోండి. ఏం చదివారన్నది కాకుండా ఏం చేసి చూశారు, టీమ్ ఏమంది అన్నదే మాట్లాడుకోండి. తర్వాత చదవాల్సిన పుస్తకాన్ని కూడా అక్కడే, ఆ జవాబుల్లో తేలిన కొత్త ఇబ్బందిని బట్టి ఎంచుకోండి.