నల్లా నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో పోయకండి

నల్లగొండ పాత పేరు నీలగిరి. పానగల్లులోని ఉదయ సముద్రం కందూరు చోళుల నాటి చెరువు. ఇప్పుడు దాంట్లోకి కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఊరి నల్లాలకు అందేవి శుద్ధి చేసిన ఆ నీళ్లే. పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ గోలంతా భూమి లోపలి గ్రానైట్‌ది. దాని పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిచిన నీటిని లోతు బోరు పైకి తోడుతుంది. నల్లా రాని రోజు అదే సంపులోకి బోరు మోటారు వేశారంటే, వదిలిందనుకున్న ఫ్లోరైడ్ మళ్లీ వంటింట్లోకి వచ్చినట్టే.

ముందు రెండు ప్లాస్టిక్ సీసాలు కడిగి పెట్టుకోండి. వీధి నల్లాను రెండు మూడు నిమిషాలు వదిలేశాక ఒకటి, వంటింటి నల్లా దగ్గర ఇంకొకటి పట్టండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి; వేరే దిక్కు లేకుంటేనే 1.5 దాకా. వంటింటి సీసాలో ఎక్కువ తేలితే బోరు కలుస్తున్నట్టే. నీళ్ల రంగు మార్పుతో ఫ్లోరైడ్ చూపే కిట్టు వాడితే జాగ్రత్త: నల్లా నీళ్లలోని క్లోరిన్ ఆ రంగును విరగ్గొట్టి, లేని ఫ్లోరైడ్ చూపిస్తుంది. క్లోరిన్ పోయాకే పరీక్షించండి.

బోరుకు వేరే ట్యాంకు, వేరే పైపు పెట్టండి. మధ్యలో గేట్ వాల్వు బిగించి నమ్ముకోవద్దు, అరిగితే కారుతుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు; నీరు ఆవిరై, మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది.

బోరే గతి అయితే, మన జిల్లా పేరే పెట్టిన నల్లగొండ పద్ధతి ఉంది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు తయారుచేసింది. అడుగు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున కొళాయి బిగించిన 40 లీటర్ల బకెట్టు కావాలి. లీటరుకు ఫ్లోరైడ్ 3, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) 300 మిల్లీగ్రాములున్న నీటికి బకెట్టుకు పటిక సుమారు 14 గ్రాములు, సున్నం అందులో ఇరవయ్యో వంతు. క్షారత మారితే పటిక కూడా మారుతుంది కాబట్టి ల్యాబ్ రిపోర్టు లేకుండా కొలత వేయొద్దు. ముందు సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ కలిపి, తర్వాత పటిక నీళ్లు పోయండి. ఒక నిమిషం గట్టిగా, ఆపైన పది నిమిషాలు మెల్లగా తిప్పితే దూది పింజల్లాంటి మడ్డి కడుతుంది. గంట సేపు కదపకండి. ఫ్లోరైడ్ ఆ మడ్డిలోనే ఉంటుంది, అందుకే బకెట్టు వంచి పోసుకోకూడదు. కొళాయి నుంచి పట్టి గుడ్డతో వడగట్టండి.

నీళ్లు పుల్లగా తగిలితే సున్నం చాలలేదు. అల్యూమినియం కూడా మిగిలి ఉండొచ్చు, దాంతో కిట్టు ఈసారి ఉన్న ఫ్లోరైడ్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. పటిక వేసిన నీటిని ల్యాబ్‌లో, రంగుతో పని లేకుండా ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌తోనే చూపించండి.