స్నార్కెలింగ్ నేర్చుకుందాం – 2: గొట్టంతో ఊపిరి

స్నార్కెలింగ్ అంటే కళ్లనూ ముక్కునూ కప్పే మాస్కు పెట్టుకుని, నోట్లోని గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, ముఖం నీళ్లలో ఉంచి పైన తేలడం. మాస్కు సరిపోయిందో లేదో చూసుకోవడం గత పాఠంలో అయింది. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే అది జారకుండా అతుక్కుని ఉండాలి. మీసాలున్నవారికి పై పెదవి దగ్గర నీరు చేరుతుంటే మాస్కును తిట్టుకోకండి. ఆ దారి ఇచ్చేది మీసమే.

ఇక గొట్టం. తిరుపతిలో కూర్చుని స్నార్కెలింగ్ ఏమిటని నవ్వేవాళ్లుంటారు. ఈ విద్యలో అసలు కష్టమంతా ఊపిరి దగ్గరే ఉంది, దానికి సముద్రంతో పని లేదు. సంక్రాంతి సెలవులకు అందరం అండమాన్ వెళ్లినప్పుడు ఈత బాగా వచ్చిన మా పిల్లలు గొట్టం నోట్లో పెట్టుకోగానే ఉక్కిరిబిక్కిరయ్యారు. ఈత రాని మా పెద్దక్క మాత్రం లైఫ్ జాకెట్ తొడుక్కుని, గైడు చెయ్యి పట్టుకుని హాయిగా తేలింది. రోజూ ప్రాణాయామం చేసే మనిషి మరి. ఎలిఫెంట్ బీచ్ దగ్గర చిలుకచేప పగడపు దిబ్బను పటపట కొరికే చప్పుడు మొదట విన్నది కూడా ఆమే. ఆ తర్వాత ఆమెను పడవ ఎక్కించడానికి నానా తంటాలు పడ్డాం.

మీరు ఇంట్లో వెడల్పాటి టబ్బు నిండా నీళ్లు పోసి మొదలుపెట్టండి. మాస్కు పెట్టుకుని, గొట్టం చివరనున్న రబ్బరు బుడిపెలను పళ్లతో ఊరికే పట్టుకోండి. గట్టిగా కొరికితే కాసేపటికే దవడ లాగేస్తుంది. నీరు రాకుండా ఆపాల్సింది పెదవులు, పళ్లు కాదు. ముఖం నీళ్లలో ఉంచి నోటితో మెల్లగా పీల్చండి, అంతకంటే మెల్లగా వదలండి. ముక్కుకు గాలి అందక మొదట్లో కంగారు పుడుతుంది. తల ఎత్తి, తేరుకుని, మళ్లీ ముఖం ముంచండి.

రెండో సాధన ఈతకొలనులో, ఛాతీ లోతు నీళ్లలో, పక్కన ఒకరిని ఉంచుకుని చేయాలి. తలకోన మడుగుల్లో వద్దు. అక్కడి రాళ్లు జారతాయి, లోతు పైకి తెలియదు. గొట్టం పైకొసను నీళ్లలో ముంచి నింపుకోండి. తల పైకి తెచ్చి ‘తూ’ అని ఒక్క ఊపున ఊదండి. దానికి సరిపడా గాలి ఛాతీలో ఎప్పుడూ మిగుల్చుకోవాలి. ఊదినా నాలుగు చుక్కలు అడుగున ఉండిపోతాయి కాబట్టి తర్వాతి ఊపిరి నాలుక కొస పైకెత్తి, జాగ్రత్తగా పీల్చాలి. ఈ చిన్న కిటుకు తెలియకే చాలామంది దగ్గుతూ పైకి లేస్తారు.

పొడవాటి పైపు పెట్టుకుంటే ఇంకా లోతుకు వెళ్లవచ్చు కదా అని మా చిన్నవాడు అడిగాడు. వెళ్లలేం. ఒక్క మీటరు లోతులోనే నీటి ఒత్తిడి ఛాతీని నొక్కేసి, పైగాలిని లోపలికి లాక్కోవడం చాలా కష్టమవుతుంది. పైగా పొడవాటి గొట్టంలో మనం వదిలిన గాలే తిరిగి మన లోపలికి వస్తుంది. అందుకే మంచి గొట్టాలు దాదాపు 40 సెంటీమీటర్లు దాటవు.

వచ్చే పాఠం ఫిన్ల గురించి, అంటే పాదాలకు తొడుక్కునే ఈత రెక్కల గురించి. వాటిని ముందే కొనకండి. కొలత చూడకుండా కొన్నవి మడమలను ఒరిపేస్తాయి.