ఫిల్మ్ కెమెరాలోని లైట్ మీటర్‌ను ఎలా వాడాలి?

ఫిల్మ్ కెమెరాతో తీసిన ఫొటో ఎలా వచ్చిందో రోల్ కడిగించేదాకా తెలియదు. వెలుతురు సరిపోతుందా లేదా అన్నది బటన్ నొక్కకముందే చెప్పగలిగేది కెమెరాలో ఒక్కటే: వ్యూఫైండర్‌లో ఒక పక్కన కదిలే ముల్లు. కొన్ని మోడళ్లలో ముల్లు బదులు చిన్న ఎర్ర దీపాలు వెలుగుతాయి. ముల్లును మధ్యకు తెచ్చి నొక్కేస్తే చాలా ఫొటోలు బాగానే వస్తాయి. మిగిలినవి ఎందుకు చెడతాయో తెలియాలంటే, ఆ ముల్లు దేన్ని చూసి కదులుతోందో తెలియాలి.

ఈ మీటర్ లెన్స్ గుండా లోపలికి వచ్చిన వెలుతురునే కొలుస్తుంది. అంతకుముందు మీటర్ విడిగా చేతిలో ఉండేది, లేదంటే కెమెరా ముఖం మీద దానికి వేరే కిటికీ ఉండేది. లెన్స్ ఒకటి చూస్తే మీటర్ ఇంకోటి చూసేది. 1963లో టాప్‌కాన్ ఆర్‌ఈ సూపర్, 1964లో పెంటాక్స్ స్పాట్‌మాటిక్ వచ్చాక ఈ తేడా పోయింది. లెన్స్ మార్చినా, ముందు ఫిల్టర్ బిగించినా, ఫిల్మ్‌కు అందే వెలుతురే మీటర్‌కూ అందుతుంది.

ముందు బ్యాటరీ

పెంటాక్స్ కె1000, ఒలింపస్ ఓఎం-1, నికాన్ ఎఫ్‌ఎం2 లాంటి మెకానికల్ కెమెరాల్లో బ్యాటరీ లేకపోయినా షట్టర్ పడుతుంది. బ్యాటరీ కావాల్సింది మీటర్‌కు మాత్రమే. కాబట్టి షట్టర్ చప్పుడు విని బ్యాటరీ బాగుందనుకోకండి. కె1000, ఎఫ్‌ఎం2లకు కొత్తది వేసేటప్పుడు ఆల్కలైన్ రకం ఎల్ఆర్44 కంటే అదే సైజులో దొరికే సిల్వర్ ఆక్సైడ్ రకం ఎస్ఆర్44 మంచిది. దాని వోల్టేజ్ దాదాపు చివరిదాకా నిలకడగా ఉంటుంది.

1960, 70ల నాటి చాలా కెమెరాలు 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీకి తగ్గట్టు తయారయ్యాయి. ఆ బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. వాటి చోట 1.5 వోల్టుల ఆల్కలైన్ పెడితే ముల్లు కదులుతుంది గానీ చాలా మోడళ్లలో తప్పు చెబుతుంది. ఉన్నదానికంటే ఎక్కువ వెలుతురు ఉందనుకుంటుంది, ఫొటో నల్లబడుతుంది. వినికిడి యంత్రాల్లో వాడే జింక్ ఎయిర్ బ్యాటరీ వోల్టేజ్ 1.4, అది దగ్గరగా సరిపోతుంది. కాకపోతే స్టిక్కర్ పీకిన క్షణం నుంచే ఖర్చయిపోతుంటుంది.

ఐఎస్ఓ పెట్టి, మీటర్ ఆన్ చేయండి

ఫిల్మ్ డబ్బా మీద ఉన్న ఐఎస్ఓ అంకెనే (వెలుతురుకు ఫిల్మ్ ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పేది) కెమెరా డయల్ మీద పెట్టాలి. పాత కెమెరాల్లో దీన్ని ఏఎస్ఏ అని రాసి ఉంటుంది, అంకె అదే. సాధారణంగా షట్టర్ స్పీడ్ డయల్ అంచును పైకి లాగి తిప్పాలి. 400 ఫిల్మ్ వేసి డయల్ 100 దగ్గరే వదిలేస్తే రోల్ మొత్తం రెండు స్టాపులు ఓవర్ అవుతుంది, అంటే వెలుతురు ఎక్కువ పడుతుంది. ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపో సగమో కావడం. రోల్ మార్చిన ప్రతిసారీ ముందు చూడాల్సింది ఇదే.

మీటర్ ఆన్ చేసే పద్ధతి కెమెరాను బట్టి మారుతుంది. ఎఫ్‌ఎం2లో ఫిల్మ్ తిప్పే లివర్‌ను కొద్దిగా బయటికి లాగి, షట్టర్ బటన్‌ను సగం నొక్కాలి. కె1000కు స్విచ్ లేదు, లెన్స్ మూత తీస్తే చాలు. స్పాట్‌మాటిక్‌లో లెన్స్ పక్కనున్న మీటను పైకి తోస్తే మీటర్ ఆన్ అవుతుంది, దాంతోపాటు అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, కూడా చిన్నదై వ్యూఫైండర్ చీకటి పడుతుంది. అందుకని అలాంటి కెమెరాలో ముందు ఫోకస్ చేసుకుని, తర్వాత మీటర్ చూడాలి.

మీటర్ నిజం చెబుతోందా?

పాత కెమెరా చేతికి రాగానే ఈ పరీక్ష చేయండి. మబ్బుల్లేని ఎండలో, సూర్యుడు మీ వెనక ఉండగా, షట్టర్ స్పీడ్‌ను ఐఎస్ఓ అంకెకు దగ్గరగా పెట్టండి. 100 ఫిల్మ్‌కు 1/125 సెకను, 400 ఫిల్మ్‌కు 1/500 సెకను. ఎండ నేరుగా పడుతున్న గడ్డినో, మాసిన సిమెంటు నేలనో చూపిస్తే ముల్లు ఎఫ్/16 అపర్చర్ దగ్గర మధ్యకు రావాలి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). అర స్టాప్ అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. రెండు స్టాపుల తేడా ఉంటే బ్యాటరీనో మీటర్‌నో అనుమానించాలి. తేడా ఎక్కడ చూసినా ఒకేలా ఉంటే, ఐఎస్ఓ డయల్‌ను అంతమేరకు జరిపి సర్దుకోవచ్చు.

ముల్లును మధ్యకు తేవడం

ముల్లు ప్లస్ వైపు ఉంటే వెలుతురు ఎక్కువ, మైనస్ వైపు ఉంటే తక్కువ. షట్టర్ స్పీడ్, అపర్చర్‌లలో ఏదో ఒకటి ముందు మీరు నిర్ణయించుకోండి. కదిలే మనిషిని తీస్తుంటే షట్టర్ స్పీడ్ ముఖ్యం. వెనక దృశ్యం మసకగా రావాలంటే అపర్చర్ ముఖ్యం. ఒకటి ఖాయం చేసి, రెండోదాన్ని తిప్పుతూ ముల్లును మధ్యకు తెండి. 50 ఎంఎం లెన్స్‌తో చేత్తో పట్టుకుని తీసేటప్పుడు 1/60 కంటే కిందికి దిగకపోతే మంచిది. అపర్చర్ రింగ్‌ను రెండు అంకెల మధ్య ఆపినా పనిచేస్తుంది, మెకానికల్ షట్టర్ డయల్‌ను మాత్రం మధ్యలో ఆపకూడదు.

కెనాన్ ఏఈ-1 లాంటి వాటిలో ఆటో పెడితే ముల్లు అపర్చర్ అంకెను చూపిస్తుంది, కెమెరాయే ఆ అపర్చర్ పెట్టేసుకుంటుంది. నన్నడిగితే మొదటి రోల్ మాన్యువల్‌లోనే తీయండి. ఆటోలో ముల్లు వైపు చూడటమే మానేస్తాం.

మీటర్‌కు రంగులు తెలియవు

అసలు విషయం ఇక్కడుంది. మీటర్ చూసేది వస్తువు మీద పడే వెలుతురును కాదు, వస్తువు నుంచి తిరిగొచ్చే వెలుతురును. ఎదురుగా ఉన్నది పెళ్లికూతురి తెల్లచీరా, నల్లకోటా అన్నది దానికి తెలియదు. ఏది చూపించినా అది తెలుపుకీ నలుపుకీ నడుమ ఉన్న బూడిద రంగు అనుకుని, అలాగే వచ్చేట్టు అంకెలు చెబుతుంది. ఫొటోగ్రాఫర్లు వాడే గ్రే కార్డ్ ఆ రంగే. దాని మీద పడిన వెలుతురులో 18 శాతం వెనక్కి వస్తుంది.

అందుకే తెల్లగోడ ఫ్రేమ్ నిండా ఉన్నప్పుడు ముల్లును మధ్యలో పెట్టి తీస్తే గోడ బూడిద రంగులో వస్తుంది. నల్లకోటు ఫ్రేమ్ నిండా ఉంటే అదీ బూడిద రంగులోనే వస్తుంది. సరిదిద్దే పద్ధతి మొదట్లో తలకిందులుగా అనిపిస్తుంది. తెల్లగా, మెరుస్తూ ఉన్నదానికి ఇంకా ఎక్కువ వెలుతురు ఇవ్వాలి. మంచు, తెల్ల ఇసుక, తెల్లబట్టలు ఫ్రేమ్ నిండా ఉంటే మీటర్ చెప్పినదానికి ఒకటి నుంచి రెండు స్టాపులు కలపండి. నల్లటిది నిండా ఉంటే అదే లెక్కన తగ్గించండి. ఒక స్టాప్ కలపడమంటే ఎఫ్/11 చెబితే ఎఫ్/8 పెట్టడం, లేదా 1/250 చెబితే 1/125 పెట్టడం.

ఎటు చూపించాలి?

ముల్లు ఎంత చక్కగా మధ్యలో ఉందన్నదానికంటే, దాన్ని ఎటు చూపించి మధ్యకు తెచ్చారన్నదే ఫొటోను నిలబెడుతుంది. చాలా ఫిల్మ్ కెమెరాల మీటర్లు ఫ్రేమ్ మొత్తాన్నీ చూస్తూ మధ్యభాగానికి ఎక్కువ విలువిస్తాయి. ఉదాహరణకు ఎఫ్‌ఎం2లో వ్యూఫైండర్ నడుమ 12 ఎంఎం వృత్తానికి 60 శాతం, మిగతా అంతటికీ 40 శాతం. ఆ వృత్తంలో ఏముందో చూసి మాట్లాడాలి.

ప్రకృతి దృశ్యంలో సగం ఆకాశం ఉంటే మీటర్ ఆ వెలుగుకే లొంగిపోతుంది, నేల నల్లబడుతుంది. కెమెరాను కిందికి వంచి, ఆకాశం ఫ్రేమ్‌లోంచి పోయాక మీటర్ చూసి అంకెలు పెట్టండి. తర్వాత కెమెరా ఎత్తి మీకు కావాల్సిన ఫ్రేమ్ కట్టుకుని నొక్కండి. ఎత్తగానే ముల్లు ప్లస్ వైపు పోతుంది, పోనివ్వండి. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి మళ్లీ రింగ్ తిప్పేస్తారు.

కిటికీ ముందు నిలబడిన మనిషి విషయంలోనూ ఇంతే. ముఖం ఫ్రేమ్ నిండేదాకా దగ్గరికి వెళ్లి, మీ నీడ వారి మీద పడకుండా మీటర్ చూసి, వెనక్కి వచ్చి తీయండి. దగ్గరికి వెళ్లే వీలు లేకపోతే మీ అరచేతిని వాడుకోవచ్చు. ఆ మనిషి మీద పడే వెలుతురే అరచేతి మీదా పడేట్టు పట్టుకుని, ఫ్రేమ్ నిండా అరచేతిని చూపించండి. ఫోకస్ కుదరనక్కర్లేదు. అరచేయి సాధారణంగా గ్రే కార్డ్ కంటే ఒక స్టాప్ ప్రకాశంగా ఉంటుంది కాబట్టి, వచ్చిన అంకెకు ఒక స్టాప్ కలపండి. ఎవరి చేయి ఎంతో ఒకసారి గ్రే కార్డ్‌తో పోల్చుకుంటే అనుమానం ఉండదు.

ఆటోలో తీస్తుంటే అంకెలను ఇలా పట్టి ఉంచడం కుదరదు. లాక్ బటన్ ఉంటే అది నొక్కి పట్టుకోండి. లేకపోతే 400 ఫిల్మ్‌కు ఐఎస్ఓ డయల్‌ను 200కు జరిపితే ఒక స్టాప్ కలిసినట్టే. ఆ ఫొటో అయ్యాక డయల్‌ను వెనక్కి తేవడం మాత్రం మరవకూడదు.

ఏ ఫిల్మ్ వేశారు?

కలర్ నెగెటివ్ ఒక స్టాప్ ఓవర్ అయినా హాయిగా భరిస్తుంది, అండర్ అయితే మాత్రం నీడలు బురదగా, గింజలు గింజలుగా వస్తాయి. సందేహం వస్తే ఎక్కువ వైపే మొగ్గండి. స్లైడ్ ఫిల్మ్ (కడిగితే నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చేది) దీనికి పూర్తిగా వ్యతిరేకం. అర స్టాప్ తేడా కూడా కనిపిస్తుంది, ఎక్కువైతే తెల్లభాగాలు ఖాళీ అయిపోతాయి. దాంతో తీసేటప్పుడు వెలుగు భాగాలను కాపాడుకోవాలి.

బ్లాక్ అండ్ వైట్‌లో ఇంకో పద్ధతి ఉంది. వివరం కనిపించాలనుకున్న నీడ భాగాన్ని ఒక్కదాన్నే మీటర్‌తో చూసి, వచ్చిన అంకెను రెండు స్టాపులు తగ్గించండి. నీడ నీడగానే ఉంటుంది, అందులోని వివరమూ నిలుస్తుంది.

మీటర్ తడబడే చోట్లు

ట్రైపాడ్ మీద పెట్టి కంటిని వ్యూఫైండర్‌కు దూరంగా ఉంచితే, వెనక నుంచి దూరే వెలుతురును కూడా మీటర్ లెక్కలో వేసుకుంటుంది. మీటర్ చూసే క్షణంలో ఆ కంటిరంధ్రాన్ని మూయండి. వెలుతురు కొలిచేందుకు పాత సీడీఎస్ (కాడ్మియం సల్ఫైడ్) సెల్ ఉన్న కెమెరాలను ఎండలోంచి చీకటి గదిలోకి తెస్తే వెంటనే తేరుకోవు, ముల్లు నిలబడేదాకా కాసేపు ఆగండి. ముదురు ఎర్ర ఫిల్టర్‌తో కొన్ని మీటర్లు తప్పుతాయి, ఫిల్టర్ లేకుండా చూసి మూడు స్టాపులు కలపడం నయం. ఒక సెకను దాటిన ఎక్స్‌పోజర్లలో ఫిల్మ్ వేగమే తగ్గిపోతుంది. అది మీటర్‌కు తెలియదు, ఫిల్మ్ కంపెనీ ఇచ్చే పట్టిక చూసి సమయం పెంచుకోవాలి.

పని అయ్యాక లివర్‌ను లోపలికి నొక్కేయండి, కె1000 అయితే లెన్స్‌కు మూత పెట్టండి. కెమెరాను నెలల తరబడి పక్కన పెట్టేట్టయితే బ్యాటరీ తీసి విడిగా ఉంచండి.