కథల గంటకు ఆటిజం ఉన్న పిల్లలు రావాలంటే

మీ లైబ్రరీలో జరిగే కథల గంటకు ఆటిజం ఉన్న పిల్లలు రావడం లేదంటే ఇష్టం లేక కాదు. చాలాసార్లు ఒకసారి వచ్చి, "బాబును కాస్త కూర్చోబెట్టండి" అనిపించుకుని, మళ్లీ ఆ వైపు రాని తల్లిదండ్రులే ఉంటారు. కాబట్టి పిల్లవాణ్ణి సరిచేసే ఆలోచన మానేసి ముందు మన పద్ధతి మార్చుకుందాం.

అన్నిటికంటే ముఖ్యం, ఏం జరగబోతోందో ముందే చెప్పడం. గుమ్మం, గది, టాయిలెట్, కథ చెప్పే మనిషి, వీటి ఫోటోలు తీసి ఒక్కోదాని కింద చిన్న వాక్యం రాసి వారం ముందే ఇంటికి పంపండి. పదిసార్లు చూసుకుని వచ్చిన పిల్లకు ఆ గది కొత్తగా అనిపించదు, టెన్షన్ సగం తగ్గుతుంది. 1990ల మొదట్లో కరోల్ గ్రే అనే అమెరికన్ టీచర్ మొదలుపెట్టిన సోషల్ స్టోరీల పద్ధతి, అంటే ఎదురయ్యే సందర్భాన్ని చిన్న కథలా ముందే చెప్పడం, కూడా ఇలాంటిదే. గోడ మీద పాట, కథ, ఆట, టాటా అని వరసగా బొమ్మలు అంటించి, ఒక్కోటి అయిపోగానే ఆ బొమ్మ తీసేయండి. ప్రతిసారీ అదే పాటతో మొదలుపెట్టండి, మీకు విసుగొచ్చినా సరే, వాళ్లకు ఆ పాటే ధైర్యం. కథ ఆపేముందు "ఇంకో రెండు నిమిషాలు" అని చెప్పండి.

మైకు వద్దు. ట్యూబ్‌లైటు చేసే సన్నటి రొద మనం పట్టించుకోం కానీ కొందరు పిల్లలు దాన్ని అస్సలు భరించలేరు, వీలైతే ఆర్పేసి కిటికీలు తెరవండి. ఒక మూల దిండ్లు, చెవులకు శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు ఉంచండి.

గది చుట్టూ తిరిగే పిల్ల కథ వినడం లేదనుకోవద్దు, చాలామంది కదులుతూనే బాగా వింటారు. కళ్లలోకి చూడమని బలవంతపెట్టకండి. మాటలు రాని పిల్లలు బొమ్మ చూపించి జవాబు చెప్పొచ్చు, కాకపోతే ప్రశ్న అడిగాక మీరు నోరు మూసుకుని పది సెకన్లైనా ఆగాలి, మనకు నిజంగా కష్టమైన పని అదే.

ఎవరైనా తట్టుకోలేక ఏడ్చి కింద పడి దొర్లితే అది మొండితనం కాదు. చుట్టూ మూగకండి, ప్రశ్నలు వేయకండి, మిగతా పిల్లల్ని మెల్లగా పక్కకు తీసుకెళ్లండి. తల్లి క్షమాపణ చెప్పబోతే "తొందరేం లేదమ్మా, ఉండండి" అనండి. ఈ మాట తలుపు దగ్గర ఉండే సిబ్బందికీ నేర్పాలి, ఎందుకంటే మొదటి "ష్" వచ్చేది అక్కడి నుంచే.

పేరు రాసుకునేటప్పుడు ఆటిజం ఉందని సర్టిఫికెట్ అడగొద్దు, ఏది ఇష్టం, ఏది పడదు అని అడిగితే చాలు. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లను కూడా రమ్మనండి. అయిదు నిమిషాలే ఉండి వెళ్లిపోతున్నా సరే, వచ్చేసారి ఎప్పుడో చెప్పి, పిల్లకు నచ్చిన పుస్తకం చేతికిచ్చి పంపండి.