పెద్ద జంతువుకి బరువు బుల్లెట్: ముందు సిలిండర్ కొలవండి

ఆర్మీలో ఇఎంఇ ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా చేసి, రిటైరయ్యి పలాస వచ్చి పడినవాణ్ని. ఇన్సాస్, ఎస్‌ఎల్‌ఆర్, కార్బైన్... నా చేతిలో నలిగినవి ఇవే. రివాల్వర్ల పిచ్చి మాత్రం మా మేనల్లుడు అంటించాడు. వాడుండేది అమెరికాలోని మోంటానాలో. గ్రీన్‌కార్డు వచ్చాక ఎల్క్ (పెద్ద దుప్పిలాంటి జంతువు) వేట పట్టుకుంది. నేను అక్కడికి వెళ్తే గ్యారేజీలో రీలోడింగ్ బల్ల (కాల్చిన ఖాళీ కేసులో తుపాకీ మందు, బుల్లెట్ మళ్లీ పెట్టి తూటా తయారు చేసుకునే చోటు) నాకు అప్పగించేస్తాడు. వాడి తెలుగు స్నేహితులు కూడా వచ్చి కూర్చుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "మావయ్యా, ఎన్ని గ్రెయిన్ల బుల్లెట్ వాడమంటావ్?" (గ్రెయిన్ అంటే బుల్లెట్, మందు తూచే చిన్న బరువు కొలత.) నేను ఎదురు అడిగేది కూడా ఒకటే: "నీ దగ్గరున్నది ఏ రివాల్వర్రా?"

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. ఇది అమెరికాలో లైసెన్సుతో వేటాడేవాళ్ల కోసం రాసినది. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నిషేధం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చెయ్యడం నేరం. మా ఉద్దానంలో జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వస్తూనే ఉంటాయి, మనుషుల మీద పడ్డ సంఘటనలూ ఉన్నాయి. అయినా అది అటవీశాఖ చూసుకోవలసిన పని. అమెరికాలోనైనా హెచ్1బీలాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సులాంటి మినహాయింపులు కొన్నే ఉన్నాయి. అది చూసుకోకుండా స్నేహితుడి రివాల్వర్ ముట్టుకోవద్దు. మోంటానాలో నల్ల ఎలుగుకి సీజనుంది. గ్రిజ్లీ మాత్రం 1975 నుంచి రక్షిత జంతువు, దాన్ని వేటాడడానికి లేదు.

ఇంక అసలు విషయానికొస్తే, బరువు బుల్లెట్ ఎందుకు? చాలామంది పెట్టె మీద ఎనర్జీ అంకె చూసి కొంటారు. 44 మాగ్నమ్ అనే రివాల్వర్ తూటాలో 240 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 1350 అడుగుల వేగంతో వెళ్తే ఎనర్జీ దాదాపు 970 అడుగు-పౌండ్లు. 300 గ్రెయిన్లది 1200 అడుగుల వేగంతో వెళ్తే 960. అంకె చూస్తే తేలికదే కాస్త ఎక్కువ. కానీ ఎల్క్ భుజం ఎముకకి ఆ అంకెతో పనిలేదు. పొడవాటి బరువు బుల్లెట్ వేగం తొందరగా పోగొట్టుకోదు, ఎముక తగిలినా దారి తప్పడం తక్కువ. బరువుని వ్యాసం వర్గంతో భాగించి చూసే లెక్క ఒకటుంది, సెక్షనల్ డెన్సిటీ అంటారు. 44లో 240 గ్రెయిన్లకి అది 0.186, 300కి 0.233. రివాల్వర్ వేగంలో బుల్లెట్ రైఫిల్ బుల్లెట్‌లా పెద్ద గాయం చెయ్యలేదు. చెయ్యగలిగింది తిన్నగా వెళ్లి అటువైపు బయటకి రావడం. రెండు కన్నాలుంటే రక్తం కారుతుంది, జంతువు ఎటు వెళ్లిందో జాడ దొరుకుతుంది.

అలాగని ప్రతిదానికీ 300 వెయ్యక్కర్లేదు. వైట్‌టెయిల్ జింకకి 240 గ్రెయిన్ల జాకెటెడ్ హాలో పాయింట్ (రాగి తొడుగుతో, మొనలో గుంట ఉన్న బుల్లెట్) బంగారంలాంటిది. అది లోపల విచ్చుకుంటుంది, జింక పక్కటెముకలకి అంత చాలు. ఎల్క్, పెద్ద మగ అడవిపంది, ఎలుగు దగ్గరకొచ్చేసరికి విచ్చుకునేది నాకు నచ్చదు. విచ్చుకుంటే లోతు తగ్గుతుంది. అక్కడ గట్టి సీసంతో పోసిన చదునుమొన బుల్లెట్టే నా మాట. 44లో 300 నుంచి 320 గ్రెయిన్లు, 45 కోల్ట్ అనే ఇంకో తూటాలో 300 నుంచి 335. అంతకు మించితే చెయ్యి అదరడమే ఎక్కువ, లాభం తక్కువ.

మొన చదునుగా ఎందుకుండాలి? గోనెసంచిలో దబ్బనం దిగితే పీచు పక్కకి జరిగి మళ్లీ మూసుకుపోతుంది. గుండ్రని మొన కండలో చేసేది అదే. చదునుమొన కండని పక్కకి నెట్టి చించుకుంటూ పోతుంది, పైగా తిన్నగా దారి పట్టుకుంటుంది. వైడ్ ఫ్లాట్ నోస్ అనే ఆకారంలో బుల్లెట్ వ్యాసంలో ముప్పాతిక దాకా చదునే ఉంటుంది. లాంగ్ ఫ్లాట్ నోస్ అంతకంటే కాస్త సన్నం, దూరం పోయేకొద్దీ కుదురుగా వెళ్తుంది. వంద గజాల లోపు వేటకి నేను మొదటిదే తీసుకుంటాను. ఎల్మర్ కీత్ అనే అమెరికన్ తుపాకీ రచయిత పేరుతో పిలిచే సెమీ వాడ్‌కట్టర్ (చదునుమొన వెనక మెట్టులాంటి భుజం ఉండే) ఆకారం ఇప్పటికీ పనికొస్తుంది. 44 మాగ్నమ్ 1955లో పుట్టిందంటే ఆయన పోరు పెట్టబట్టే.

గట్టిదనం దగ్గర జనం తప్పు లెక్క వేస్తారు. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది అనుకుంటారు. లోహం గట్టిదనాన్ని కొలిచే బ్రినెల్ లెక్కలో వట్టి సీసం 5 దగ్గర. 90 పాళ్ల సీసం, 5 తగరం, 5 ఆంటిమొనీ కలిపితే 15 దగ్గర. అచ్చాఫీసుల్లో వాడిన లినోటైప్ లోహం 22 దగ్గర. లినోటైప్ పెళుసు. పెద్ద ఎముక తగిలితే మొన ముక్కలయ్యే ప్రమాదముంది. ఒక వట్టి బుల్లెట్‌ని (తూటాని కాదు) దిమ్మె మీద పెట్టి సుత్తితో కొట్టి చూడండి. అణిగితే మంచిది, చిట్లితే ఆ పెట్టె కాగితాల మీద ప్రాక్టీసుకి వాడుకోండి. వేగం ఎక్కువ పెట్టేవాళ్లు అడుగున గ్యాస్ చెక్ అనే చిన్న రాగి మూత ఉన్నది తీసుకుంటే బారెల్‌కి సీసం అంటుకోవడం తగ్గుతుంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి ఇవేవీ కుదరవు. 2019 జులై 1 నుంచి అక్కడ వేటలో సీసం తూటాలు నిషేధం, పూర్తి రాగిలాంటి సీసం లేని బుల్లెట్టే గతి. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది, కేసులో చోటు తినేస్తుంది.

ఇప్పుడు సిలిండర్, అంటే రివాల్వర్‌లో తూటాలు పెట్టే తిరిగే డబ్బా. నిజానికి ఎంపిక ఇక్కడే మొదలవ్వాలి. సిలిండర్‌లో ఒక్కో తూటా గదికి ముందున్న కన్నాన్ని థ్రోట్ అంటారు. ఆరింటిలోనూ మెత్తటి సీసం ముక్క తోసి, తీసి మైక్రోమీటర్‌తో కొలవండి. తర్వాత బారెల్‌లో కూడా అలాగే. 44కి బారెల్ గాడి దగ్గర వ్యాసం 0.429 అంగుళం దగ్గర ఉంటుంది, థ్రోట్ అంతకంటే కాస్త పెద్దదిగా ఉండాలి. బుల్లెట్ వేలితో నొక్కితే థ్రోట్‌లో కాస్త బిగువుగా జారాలి. థ్రోట్ బారెల్ కంటే సన్నంగా ఉంటే బుల్లెట్ అక్కడే నలిగి, బారెల్‌లో వదులై, సీసం పూసేస్తుంది. అలాంటి సిలిండర్‌ని గన్‌స్మిత్ దగ్గర సరి చేయించాక బుల్లెట్ కొనండి.

పొడవూ చూడాలి. స్మిత్ అండ్ వెస్సన్ 29 మోడల్ సిలిండర్ పొట్టి. రూగర్ రెడ్‌హాక్‌లో హాయిగా కూర్చునే 320 గ్రెయిన్ల పొడుగుమొన బుల్లెట్ అందులో ముందుకి పొడుచుకొచ్చి సిలిండర్ తిరగనివ్వకపోవచ్చు. కొనేముందు బుల్లెట్‌కి క్రింప్ గాడి (కేసు అంచుని లోపలికి నొక్కి బిగించే చోటు) నుంచి మొన దాకా ఎంతుందో అడగండి. అదే తూటాని మార్లిన్ రైఫిల్‌లో కూడా వాడుకుంటానన్నాడు మా వాడి స్నేహితుడు. రివాల్వర్‌ బారెల్ లోపలి గాడి 20 అంగుళాలకొక చుట్టు తిరుగుతుంది, పాత మార్లిన్‌లలో 38కి. బరువు బుల్లెట్‌కి అంత నిదానం తిప్పుడు చాలదు, తూలుతుంది.

మందు మండినప్పుడు పుట్టే ఒత్తిడి సంగతి ప్రాణం మీదిది. 45 కోల్ట్ పరిమితి 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 44 మాగ్నమ్‌ది 36,000, 454 కాసుల్‌ది 65,000. 45 కోల్ట్ తూటా 1873 నాటి డిజైన్ రివాల్వర్లలోనూ పడుతుంది. మాన్యువల్‌లో "రూగర్, ఫ్రీడమ్ ఆర్మ్స్, థాంప్సన్ సెంటర్‌కి మాత్రమే" అని వేరే పట్టిక ఉంటుంది. అందులోని లోడు పాత కోల్ట్‌లో పెడితే సిలిండర్ పగులుతుంది. అలాంటి తూటాల పెట్టె మీద ఎర్ర సిరాతో తుపాకీ పేరు రాసి పెట్టించాను మా వాడి చేత.

మందు ఎన్ని గ్రెయిన్లు వెయ్యాలో నేను రాయను. అది మీ బుల్లెట్ తయారీదారు మాన్యువల్‌లోనే చూడాలి, సరిగ్గా ఆ బుల్లెట్‌కి, కేసు అడుగున మందుకి నిప్పంటించే ఆ ప్రైమర్‌కి. అందులో మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్లాలి. బరువు బుల్లెట్లకి నిదానంగా మండే మందు కావాలి. హెచ్110, డబ్ల్యూ296 రెండు పేర్లున్న ఒకే మందు. ఇది కేసు నిండా వస్తుంది కాబట్టి పొరపాటున రెండుసార్లు పోస్తే బయటకి పొంగి కనబడిపోతుంది. కానీ దీన్ని తగ్గించి వాడకూడదు, తయారీదారే 3 శాతం మించి తగ్గించొద్దంటాడు. తగ్గిస్తే సరిగ్గా అంటుకోక బుల్లెట్ బారెల్‌లో ఇరుక్కోవచ్చు. చెయ్యి అలవాటుకి తేలిక తూటాలు కావాలంటే దానికి వేరే మందు, వేరే పట్టిక చూసుకోవాలి. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. ఫోను పక్క గదిలో పెట్టండి.

క్రింప్ దగ్గర మా మేనల్లుడికి ఓపిక తక్కువ. "ఏటవుద్ది మావయ్యా, గట్టిగానే ఉందిగా" అంటాడు. పరీక్ష సులువు. ఆరు తూటాలు పెట్టండి. ఒకదాని పొడవు కాలిపర్‌తో కొలిచి గుర్తు పెట్టండి. మిగతా ఐదూ కాల్చి దాన్ని తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరిగిందంటే, తుపాకీ వెనక్కి తన్నినప్పుడల్లా బుల్లెట్ కేసులోంచి ముందుకి జారుతోందన్నమాట. ఇంకాస్త జారితే సిలిండర్ ఇరుక్కుంటుంది, అదీ ఎలుగు ఎదురుగా ఉన్నప్పుడు. క్రింప్ ఒక్కటే బిగిస్తే సరిపోదు, కేసు మూతి బుల్లెట్‌ని మొత్తంగా పట్టుకోవాలి. కేసు మూతిని వెడల్పు చేసే రాడ్డు మరీ లావుగా ఉందేమో చూడండి.

చివరికి కాగితం మీద చూసుకోవాలి. బరువు బుల్లెట్ నెమ్మదిగా బయటకొస్తుంది, ఆ లోపే తుపాకీ మూతి పైకి లేస్తుంది, అందుకే దగ్గర దూరంలో తేలికదాని కంటే పైన తగులుతుంది. వెనక సైటు కిందికి దిగినంత దింపినా పైనే పడుతుంటే ముందు సైటు ఎత్తైనది వేయించాలి. ఆరంగుళాల పేపర్ ప్లేటు పెట్టి, వేటలో కూర్చునేలాగే కూర్చుని కాల్చండి, బెంచీ మీద ఆనించి కాదు. ముందు 25 గజాలు, తర్వాత 50. ఐదు తూటాలూ ప్లేటులో పడని దూరంలో జంతువు మీద కాల్చొద్దు. మా వాడికి ఇప్పటికి 50 గజాలే.